మేసే పురుగు, మేపే పురుగు

చిత్రావతి నది పరగోడు కట్ట మీదుగా పొర్లిన సంవత్సరానికి మరుసటేడు జరిగింది ఇది. ఆ వానలకే మా పురుగుల ఇంటి పడమటి గోడ కూలింది. గోడ మళ్లీ లేచేదాకా పట్టుపురుగులు మేపలేదు. మేపనప్పుడు మల్బరీ తోట ఎందుకని ఇంట్లో ఒక మాట పుట్టింది. పుట్టించినవాడు నాగేశ్.

నాగేశ్ నా తమ్ముడి కొడుకు. తమ్ముడు పోయి చాలా కాలమైంది. ఇంట్లో ఉండేది వాడు, వాడి తల్లి మునిరత్నమ్మ, నేను. వాడు పేరేసంద్ర దగ్గర ఎవడో స్నేహితుడి పొలంలో పొత్తుకు టమాట పెట్టి రెండు పంటలు తీశాడు. మొదటి పంటప్పుడు ధర ఆకాశంలో ఉంది. రెండో పంటను హైవే పక్కన పారబోశారు, ఆవులు కూడా మూతి తిప్పుకున్నాయి. వాడు మొదటి పంట సంగతే చెబుతాడు. రెండు పంటలు తీసినవాడికి భూమ్మీద మొలిచే ప్రతిదీ టమాటలాగే కనిపిస్తుంది. వేపచెట్టును చూసినా దానికి కర్ర పాతి దారం కట్టాలంటాడు.

తల్లీ కొడుకూ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. ఈసారి పెట్టిన పురుగులు గూడు కడితే తోట ఉంటుంది. పోతే జేసీబీని పిలిచి తోటంతా పెరికించి టమాట పెడతారు. ఆ తోట నాటింది నేను. రాళ్లు ఏరి, గుంతలు తీసి, కడ్డీ కడ్డీ పాతి, బావి నుంచి మోసుకొచ్చి నీళ్లు పోసింది నేను. నన్నెవరూ అడగలేదు. నోరు విప్పనివాణ్ణి అడిగేదేముందని వాళ్ల లెక్క. లెక్క తప్పు కాదు. అడిగినా నేను చెప్పేవాణ్ణి కాను.

మునిరత్నమ్మ మాత్రం ఊరికే ఒప్పుకోలేదు. పంట తీసి చూపిస్తానని గుడ్లు తెచ్చి పెట్టింది. పురుగులు మేపడంలో ఆమెను మించినవాళ్లు మా ఊళ్లో లేరు. మా ఊళ్లో పురుగు అంటే పట్టుపురుగే. మిగతావాటికి పేర్లుంటాయి, పేర్లు లేనివాటికి తిట్లుంటాయి. ఎవరింటికైనా పోయి మీ పురుగులు బాగున్నాయా అని అడిగితే అది క్షేమసమాచారం. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు ఆ మాటకు బెదిరి మంచం కిందికి చూస్తారు.

పురుగు కుబుసం విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా కూర్చుంటుంది. దాన్ని మేము జ్వరం అంటాం. నాలుగు జ్వరాలు దాటిన పురుగు గట్టిగా మేసి గూడు కడుతుంది. మా పురుగులు మూడో జ్వరం లేచేసరికి తోటలో చిగుళ్లు ముడుచుకోవడం మొదలైంది. కొనాకు గిడసబారి, ముదురుపచ్చగా మారి, చిన్నపిల్ల పిడికిలి బిగించినట్టు ముద్దకట్టింది.

ఊరికి కబురు అందింది. పిలవకుండా వచ్చేవాళ్లు వచ్చారు. శ్రీనివాసప్ప గట్టు దిగకుండానే, వక్కాకు నములుతూ, నేలలో జింకు తక్కువైందని తేల్చాడు. అతని నేలలో గడ్డి కూడా మొలవాలా వద్దా అని ఆలోచించి మొలుస్తుంది. కొండప్ప వచ్చి ఇది వరద నీళ్లతో వచ్చిన విషం అన్నాడు. వరద పోయి ఏడాదైందని ఎవరో అంటే, విషానికి ఏడాది ఒక లెక్కా అన్నాడు. కొండప్పకు లోకంలోని ప్రతి రోగమూ ఆ వరదతోనే వచ్చింది, తన మోకాలి నొప్పితో సహా. నాగేశ్ ఫోనుతో ఆకును ఫోటో తీశాడు. ఫోను ముందు అది పత్తి ఆకు అన్నది. ఇంకోసారి తీస్తే ముడత వైరస్ అన్నది. అది వాడికి నచ్చింది. టమాటకు ముడత వస్తే వైరసే, దాన్ని మోసేది తెల్లదోమ, దోమకు మందు కొట్టాలి. మల్బరీకి ముడత వచ్చినా అంతే. ఆకు మారితే రోగం మారుతుందన్న సంగతి వాడి రెండు పంటల్లో రాలేదు.

నేను ఒక చిగురు తుంచి వేళ్లతో విప్పాను. లోపల పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. గోటితో ఆ పిండిని పక్కకు తోస్తే కింద లేత గులాబి రంగు నల్లులు మెల్లగా కదిలాయి. ఇది తుక్ర రోగం. పట్టు మేపే ఇంట్లో చీపురు పట్టిన ప్రతి ఆడపిల్లకూ తెలిసిన సంగతి. పిండినల్లి చిగురులో రసం పీలుస్తుంది, చిగురు ముడుచుకుంటుంది, ఆ ముడతనే ఇల్లు చేసుకుని లోపల కూర్చుంటుంది. పైన ఏది చల్లినా దాని గడప దాటదు.

దీనికి చేసే పని చిన్నదే, కాకపోతే నడుము విరుగుతుంది. ముడుచుకున్న చిగురును కింద రాల్చకుండా తుంచాలి, సబ్బునీళ్ల బకెట్లో వేయాలి, తర్వాత కుప్పపోసి కాల్చాలి. మిగిలినదాన్ని అక్షింతల పురుగులు చూసుకుంటాయి. ఎర్ర చిప్ప మీద నల్ల చుక్కలున్న ఆ పురుగులకు పిండినల్లి అంటే విందు. ఆ ఏడు అవి దండిగానే వచ్చాయి. నేనూ మునిరత్నమ్మా చెరో బకెట్ పట్టుకుని సాళ్లలో దిగాం. నాగేశ్ గట్టు మీద నిలబడి చూశాడు.

“ఇట్ల ఒక్కొక్క చిగురూ గిల్లుకుంటా ఉంటే పేరేసంద్రలో అయితే నవ్వుతారు పెద్దనాయనా. ఒక ట్యాంకు కొడితే పొయ్యేదానికి” అన్నాడు.

నేను బకెట్ కుప్ప మీద గుమ్మరించి మళ్లీ సాల్లోకి పోయాను. ట్యాంకు కొట్టిన ఆకు పురుగు తింటుంది. తిన్న పురుగు చస్తుంది. టమాట తోటలో మందు కొట్టి వాసన పోకముందే కాయ కోసి సంతకు పంపేవాళ్లకు ఈ చిక్కు తెలియదు. తినేవాడు ఎవడో, ఎక్కడో. ఇక్కడ తినేది ఇంట్లోనే ఉంది, తిన్న రోజే లెక్క చెబుతుంది.

చంద్రికలు కావలసి వచ్చాయి. పురుగు గూడు కట్టేందుకు వదిలే వెదురు తడకలవి. మా పాతవి గోడ కింద పడి నుగ్గయ్యాయి. వాటికోసం నాగేశ్ బండి మీద చింతామణి పోయాం. మేదరవాళ్ల దగ్గర నన్ను దింపి, టౌన్లో పని ఉందని వాడు వెళ్లిపోయాడు. నేను తడకలు ఒక్కొక్కటీ వంచి చూసి ఏరుకున్నాను. మేదరాయన నాకంటే తక్కువ మాట్లాడే మనిషి. ఆ రోజు కలిసిన వాళ్లలో మర్యాదస్తుడు అతనొక్కడే. నాగేశ్ తిరిగొచ్చినప్పుడు బండి హ్యాండిలుకు ఒక సంచి వేలాడుతోంది. చింతామణి పోతే వాడు తల్లికి కారాబూందీ తెస్తాడు. అదే అనుకున్నాను.

తర్వాత పురుగులు నాలుగో జ్వరంలో కూర్చున్నాయి. జ్వరంలో మేత ఉండదు. పట్టు మేపే ఇళ్లవాళ్లు పెళ్లికి పోయినా, చావుకు పోయినా, పన్ను పీకించుకోను పోయినా ఆ జ్వరం రోజుల్లోనే. మునిరత్నమ్మ వాళ్ల అన్న తద్దినం ఆ రోజే పడింది. ఇద్దరం పరగోడు పోయి, తిని, చీకటి పడ్డాక ఇంటికి చేరాం. నాగేశ్ స్నానం చేసి, తల దువ్వుకుని, మంచి పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు. వాడు అలా కూర్చోవడం నేను అంతకుముందు చూసింది పదో తరగతి ఎస్సెల్సీ రిజల్టు వచ్చిన రోజు.

మర్నాడు పురుగులు జ్వరం లేచాయి. తొలి మేతకు తోటలో రోడ్డువైపు సగంలో మిగిలిన ఆకు కోసి వేశాం. బావివైపు సగం ఈ చివరి మేత కోసమే ముట్టకుండా ఉంచింది. ఆ సగం మీదే పంటంతా నిలబడి ఉంది. జ్వరం లేచిన పురుగు ఆకలి ఇంత అంత కాదు. మధ్యాహ్నానికి తట్టల్లో ఈనెలు మాత్రం మిగిలాయి. కొడవళ్లు పట్టుకుని బావివైపు పోయాం. మునిరత్నమ్మ ముందు పోయి కోత మొదలుపెట్టింది. నేను గట్టు మీద ఆగాను.

గట్టు పొడుగునా అక్షింతల పురుగులు వెల్లకిలా పడి ఉన్నాయి. పెళ్లి అయిపోయిన పందిట్లో నేల మీద అక్షింతలు చూసినట్టు ఉంది. ఒక ముడుచుకున్న చిగురు తుంచి విప్పాను. లోపల పిండినల్లి హాయిగా ఉంది. ఆకు ముక్కు దగ్గర పెట్టుకుంటే మందు ఘాటు కొట్టింది.

“రత్నమ్మా, ఎయ్యొద్దు” అన్నాను.

ఆమె ఎందుకని అడగలేదు. నేను నోరు తెరిచానంటేనే ఆమెకు సగం అర్థమై ఉంటుంది. కోసిన కట్టలోంచి ఒక ఆకు తీసి వాసన చూసింది. ఇంటికి పోయి, నాలుగు పురుగులు ఏరి ఒక చేటలో వేసి, ఆ ఆకు వాటి ముందు పెట్టి, పక్కన కూర్చుంది. పురుగులు ఆత్రంగా తిన్నాయి. కాసేపటికి తలలు అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాయి. పచ్చటి నీళ్లు కక్కాయి. మెలికలు తిరిగి చేట అంచుకు పాకి, అక్కడే ముడుచుకుపోయాయి. ఆమె చివరిది కదలడం ఆగేదాకా చూసింది. తర్వాత చేటను దూరంగా తీసుకుపోయి గుంత తీసి పూడ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుంది.

కోసిన కట్ట తట్టల్లో పడలేదు. లోపల పురుగులన్నీ బాగానే ఉన్నాయి, ఆకలితో. వాటికి పెట్టవలసిన ఆకు బావి దగ్గర నిగనిగలాడుతూ ఉంది.

నాగేశ్ పాల డెయిరీ నుంచి వచ్చాడు. తల్లి వాణ్ణి వాకిట్లోనే ఆపింది.

“మందు కొట్టినావా?”

“కొట్టినా. మీరిద్దరూ గిల్లుకుంటా ఉంటే ఎప్పటికయ్యేది? పురుగుకు పడేదే తెచ్చినా మా. నేనేమన్నా పిచ్చోడినా?”

“అంగట్లో ఏమని అడిగినావు?”

“హుళక్కె ఔషధి కొడి అంటి. ఇచ్చినాడు.”

చింతామణి అంగళ్లలో మాట్లాడేది కన్నడం; పురుగుకు మందు ఇవ్వండి అని అడిగాడన్నమాట. ఈ మాట మావాళ్లకు తప్ప ఎవరికీ నోట రాదు. వాడి ఉద్దేశంలో హుళ అంటే ఇంట్లో ఉన్నది. దానికి పడే మందు, అది తిన్నా చావని మందు, అని అడిగాడు. ఆ అంగడిలో ముందు ఒక ముసలి శెట్టి ఉండేవాడు. పిసినారి. చిల్లర బదులు చాక్లెట్ ఇచ్చేవాడు. కానీ ఎవడు పోయి హుళక్కె ఔషధి అన్నా, డబ్బా మీద చెయ్యి వేసే ముందు ఒక మాట అడిగేవాడు: మేసే హుళానికా, మేపే హుళానికా? మేసేది పంటను తినేది, దానికి విషం. మేపేది పట్టుపురుగు, దానికి సున్నం పొడి. ఆ రెండింటి మధ్య ఉన్నది ఒక్క అక్షరమే, ఆ అక్షరం మీదే శెట్టి అంగడి నడిచింది. శెట్టి పోయాడు. ఇప్పుడు ఆ కుర్చీలో కంప్యూటరు ముందు ఎవడో కుర్రవాడు కూర్చుంటాడు. పురుగు అంటే చంపవలసిందే అని తెలిసిన దేశం నుంచి వచ్చినవాడు. పురుగుకు మందు అంటే పురుగును చంపే మందు ఇచ్చాడు. అడిగినవాడు వాడి లెక్కలో సరిగ్గానే అడిగాడు. ఇచ్చినవాడూ సరిగ్గానే ఇచ్చాడు. ఇంతమంది సరైనవాళ్లు చేరితే ఇంకేముంది, తోటకు పాడె కట్టుకోవడమే.

డబ్బా కాలవ గట్టున పడేసి ఉంది. దాని మీద గుడ్డివాడికి కూడా తగిలేంత ఎర్ర ముక్కోణం, విషం గుర్తు, ఉంది. నేను దాన్ని తెచ్చి నాగేశ్ కాళ్ల ముందు పెట్టాను. వాడు దాన్ని చూడలేదు, నన్ను చూశాడు.

ఆ ఆకు ఇక ఈ పంటకు పనికిరాదని తల్లికి అర్థమైంది. నీళ్లతో కడిగితే పోతుందేమో అని వాడొక మాట అన్నాడు. తల్లి తల అడ్డంగా ఊపింది. వాడు గొంతు తగ్గించి, “పోతే పోనీలే మా. ఎట్లా టమాట పెట్టల్ల అనుకుంటిమి కదా” అన్నాడు.

మునిరత్నమ్మ కొట్టలేదు. తిట్టలేదు. పురుగుల ఇంటి తలుపు తెరిచి పట్టుకుంది.

“లోపలికి పొయ్యి ఆ మాట వాటికి చెప్పి రా. తల ఎత్తుకోని చూస్తాండాయి. పోతే పోండి అని వాటికి చెప్పి రా పో.”

వాడు పోలేదు. గోడకు ఆనుకుని చెప్పు కొనతో నేల గీకుతూ నిలబడ్డాడు. రెండు పంటలు తీసిన మొనగాడు.

సాయంత్రం మేతకు రోడ్డువైపు మోళ్ల మీద మిగిలిన ఆకు, గట్ల మీద చెట్ల ఆకు దూసి తెచ్చాం. తట్టల్లో పలచగా పరిస్తే రాత్రి గడుస్తుంది. తెల్లవారితే ఏమీ లేదు. ఊళ్లో తోటలు సగం ఇప్పటికే టమాటలు, గులాబీలు అయ్యాయి. మిగిలినవాళ్ల ఇళ్లలో పురుగులున్నాయి, వాళ్ల ఆకు వాళ్లకే చాలదు. నడుమెత్తు ఆకు పెట్టుకుని, పురుగులు గూడు కట్టేసి, ఖాళీగా ఉన్న తోట ఊళ్లో ఒక్కటే ఉంది. అది ఆదినారాయణప్పది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. ఆ పేరు మా ఇంట్లో పలకరు.

కొన్నేళ్ల కింద ఆదినారాయణప్ప తోటలో వేరుకుళ్లు పడింది. నిన్న పచ్చగా ఉన్న చెట్టు ఇవాళ వాడిపోతుంది. ఒంటిచేత్తో లాగితే చేతికొచ్చేస్తుంది. వేరు తొక్క వలిస్తే లోపల నల్లగా, కుళ్లు కంపు. మట్టిలో ఉండే బూజు అది. మా దిగువ మూల కూడా కొన్ని చెట్లు పోయాయి. చాలామందివి పోయాయి. అందరూ పోయాయి అనుకుని ఊరుకుంటే, ఆదినారాయణప్ప ఒక్కడే రోగానికి చిరునామా కనిపెట్టాడు. అతను కృషి ఇలాఖ, అంటే వ్యవసాయశాఖ, వాళ్ల మీటింగుల్లో ముందు వరుసలో కూర్చుని, వాళ్లు పెట్టిన బిస్కెట్లు తిని, వాళ్లు చెప్పింది ఊరికి వచ్చి తను కనిపెట్టినట్టు చెప్పే మనిషి. రోగం మట్టితో నడుస్తుందట. మట్టి కాళ్లకు అంటుకుంటుందట. మా తోటలో తవ్వి, ఆ గుద్దలితో, ఆ కాళ్లతో అతని తోట గుండా నడిచింది నేనట. డెయిరీ దగ్గర ఊరంతా క్యాన్లు పట్టుకుని నిలబడి ఉండగా అన్నాడు: “నీవి రోగం కాళ్లు బయ్యప్పా. నా గట్టు తొక్కొద్దు.”

తొక్కలేదు. మాట్లాడనూ లేదు. మాట్లాడకపోవడం నాకు కష్టమైన పని కాదు.

అతను చచ్చిన చెట్లు వేళ్లతో సహా తవ్వించి కాల్చాడు. పేడలో ఏదో పచ్చటి పొడి కలిపి మాగబెట్టి గుంతల్లో పోశాడు. బూజును చంపే బూజట. పిచ్చికుక్కను పట్టుకోవడానికి ఇంకో పిచ్చికుక్కను పంపినట్టు. అది చాలదని తోట మొదట్లో ఒక బకెట్ పెట్టాడు. సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు. లోపలికి పోయే ప్రతివాడూ అందులో కాళ్లు ముంచాలి. పురుగుల ఇంటి గడప దగ్గర కాళ్లు కడగడం మర్యాద, అందరం చేస్తాం. తోటకు గడప పెట్టినవాడు ఈ లోకంలో ఇతనొక్కడే. మేకలు అడ్డంగా దూకి పోతాయి. వాటి కాళ్ల సంగతి అతను ఎప్పుడూ మాట్లాడలేదు. అతని తోటలో మళ్లీ కుళ్లు రాలేదన్నది నిజం. దానివల్ల అతనికి మెడ ఇంకొంచెం బిగుసుకుంది.

మునిరత్నమ్మ చీర చెంగు దోపుకుని అతని ఇంటికి పోయింది. తిరిగొచ్చి నా ముందు నిలబడి, పైకప్పు చూస్తూ చెప్పింది.

“ఆకు ఇస్తాడంట. కాల్సినంత కోసుకోండి, గూడు కట్టేదాకా కోసుకోండి, ఊరికే అన్న్యాడు. కోసేదానికి మీ బావే రావల్ల అన్న్యాడు. బకెట్లో కాళ్లు పెట్టి రావల్లంట.”

“నేను పోతా. నేను పెడతా కాళ్లు” అన్నాడు నాగేశ్.

“నిన్నెవురూ అడగలే.” ఆమె కొడుకు వైపు తిరగలేదు. “నేనే కోసుకుంటా కదన్నా అని అడిగితి బావా. నీతో నాకేం పంచాయితీ లేదమ్మా, నీ కాళ్లు శుభ్రమే అన్న్యాడు.”

ఊరికే ఇచ్చేవాడి గొప్ప ఇలాగే ఉంటుంది. ఆకుకు వెల కట్టి ఉంటే మొహాన పడేసి తెచ్చుకోవచ్చు. అది తెలిసే ఊరికే అన్నాడు. నాకు ఆకు కంటే ముందు ఆ డెయిరీ, ఆ క్యాన్లు, ఆ నవ్విన మొహాలు కళ్ల ముందుకు వచ్చాయి. ఊళ్లో ఒక్కడికి కూడా తన తోటలో ఏ చెట్టు ఎందుకు చస్తోందో తెలియదు, ఎదుటివాడి కాళ్లలో ఏముందో మాత్రం అందరికీ తెలుసు.

మునిరత్నమ్మ “బావా” అని ఒక్కమాట అని, ఆగి, మిగిలిన ఆకు తట్టలకు పంచడానికి లోపలికి పోయింది. ఆమె ఒక్కో తట్టకు ఎంత ఆకు వేస్తోందో తలుపులోంచి కనిపించింది. చద్దికుండలో అడుగున మిగిలిన మెతుకులు పంచినట్టు వేస్తోంది. పురుగులు ఆకు పడకముందే తలలు ఎత్తుతున్నాయి. నేను అరుగు మీద పడుకున్నాను. నాగేశ్ వచ్చి ఏదో చెప్పబోయాడు. నేను గోడవైపు తిరిగాను.

తెల్లవారగానే మునిరత్నమ్మ కొడుకు చేతిలో కొడవలి పెట్టింది. మందు కొట్టిన సగమంతా మొదలుకు కోసి, కోసింది కోసినట్టు గుంతలో పూడ్చమంది. ఒక్క రెమ్మ మేకకు వేసినా మేకతో పాటు నిన్నూ పూడుస్తానంది. వాడు తల వంచుకుని పోయాడు.

నేను కొడవలి, తాడు తీసుకుని ఆదినారాయణప్ప తోటకు పోయాను. తలకు తువ్వాలు చుట్టుకుని, బకెట్ పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. రాత్రే వచ్చి కూర్చున్నాడేమో తెలియదు. శ్రీనివాసప్ప గట్టు అవతల చెంబు పట్టుకుని నిలబడ్డాడు. చెంబు పట్టుకుని పోయే దారి అటు కాదు. కొండప్ప కూడా వచ్చాడు, మోకాలు పట్టుకుని.

బకెట్లోకి వంగి చూశాను. నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగు కనిపిస్తోంది.

“సున్నం చాల్లేదప్పా” అన్నాను.

ఆదినారాయణప్ప లేచి బకెట్లోకి చూశాడు. చెట్టు కింద పెట్టిన సంచిలోంచి పిడికెడు సున్నం తెచ్చి వేశాడు.

“ఇంక రొంత ఎయ్యి.”

ఇంకో పిడికెడు వేసి కట్టెతో కలిపాడు. నీళ్లు పాలలా తిరిగాయి. కుడికాలు పెట్టాను. ఎడమకాలు పెట్టాను. మడమ పగుళ్లలో చురుక్కుమనేదాకా ఉంచాను. కొడవలి ముంచాను. అతను అడగలేదు గానీ తాడు కూడా ముంచి పిండాను. లోపలికి పోయి కుడిపక్క సాలు నుంచి కోత మొదలుపెట్టాను.